బావ నడక

యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలు ఎవరు కనిపించినా నన్ను ఒకటే అడుగుతారు. "సార్, పాత్రకి ప్రాణం ఎలా వస్తుంది?" వాళ్ళకి కావలసింది ఏదో సాఫ్ట్‌వేర్ కిటుకు. గ్రాఫులో గీత ఎంత వంచాలి, ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి, అలాంటివి. అవన్నీ మీ కోర్సులోనే చెబుతారు. నా దగ్గరున్న జవాబు మాత్రం ఏ కోర్సులోనూ ఉండదు. చెబితే ఫీజు కట్టిన మీ అమ్మానాన్నలు నా మీదికి గొడవకి వస్తారు. అయినా రిటైరైపోయాను కాబట్టి చెప్పేస్తున్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా ప్రాణం పోసిన పాత్ర ఒక్కటే. అది అసూయతో పోశాను.

ఎవరి మీద అసూయ అంటే, బావ మీద. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా శ్రీకాకుళం వైపు బావ అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒక బల్ల మీద కూర్చుని టీ తాగితే చాలు. మేము అంతకంటే దగ్గరివాళ్ళమే అనుకోండి. మా నాన్న నౌపడ ఉప్పు మళ్ళలో పని మానేసి టెక్కలి వచ్చేశాక, ఇద్దరిదీ ఒకే బాప్టిస్టు చర్చి, ఒకే సండే స్కూలు. క్రిస్మస్ నాటకానికి వెనక తెర నేను వేసేవాణ్ణి. బెత్లెహేము ఊరు, కొండలు, ఆకాశం, నక్షత్రం, అన్నీ నావే. బావ ఆ తెర ముందు ముసలి గొర్రెల కాపరి వేషం కట్టేవాడు. ఒక్క డైలాగు లేదు. కర్ర పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు, అంతే. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు వినిపించేవి, కాసేపటికి ఎవరో ముక్కు చీదుకునేవారు. ప్రార్థన అయ్యాక పెద్దవాళ్ళంతా వాడి బుగ్గలు పుణికేవారు. నా తెర గురించి మాట్లాడింది పాస్టరుగారొక్కరే. మడతపెడితే రంగు అంటుకుంటుందా అని అడిగారు.

అప్పటి నుంచీ ఉంది నాకీ ఏడుపు. పెద్దయ్యాక పోతుందనుకున్నాను. అది కూడా నాతో పాటే పెద్దదైంది.

హైదరాబాదుకి ముందు వెళ్ళింది నేను. కాగితం మీద బొమ్మలు గీసి, వేళ్ళ మధ్య తిప్పి చూసుకునే రోజుల్లోనే ఒక స్టూడియోలో చేరాను. తర్వాత అందరిలాగే కంప్యూటర్ మీదికి మారాను. బావ అప్పటికి టెక్కలిలో ఒక బట్టల కొట్లో చీరలు పరిచి చూపిస్తున్నాడు. "ఇక్కడికి వచ్చెయ్, పని నేర్పిస్తాను" అని పిలిచింది నేనే. మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది నేనే. ఈ మాట ఎంతమందితో చెప్పుకున్నానో లెక్కలేదు. విన్నవాళ్ళు "అవునా, మీరే నేర్పారా!" అని ఆశ్చర్యపోయి, వాడి పని ఇంకాస్త శ్రద్ధగా చూసేవారు.

వాడికి పని పట్టుబడటానికి ఎంతో కాలం పట్టలేదు. నేను ఏ షాట్ వచ్చినా పెన్సిలు పట్టుకుని చిన్నచిన్న బొమ్మలు గీసుకుని, కొట్టేసి, మళ్ళీ గీసుకునేవాణ్ణి. వాడు కుర్చీలోంచి లేచి నటించేసేవాడు. సింహం గర్జించాలంటే మెడ సాచేవాడు, కోతి అలగాలంటే మూతి ముడిచేవాడు. స్టూడియో అంతా చుట్టూ చేరేది. ఆ నటన ఫోన్లో తీసుకుని, దాన్ని చూస్తూ చేసేసేవాడు. వాడి బొమ్మలకి బరువుండేది. నా బొమ్మలకి లెక్క ఉండేది. నా షాట్లలో తప్పు చూపించమంటే ఎవరూ చూపించలేకపోయేవారు, అలాగని మళ్ళీ వెయ్యమని అడిగినవారూ లేరు.

ఇంకొకటి. నా సీటు ఎప్పుడూ వాడి సీటు వెనకే పడేది. ఎన్ని స్టూడియోలు మారినా అదేం రాతో అలాగే జరిగేది. వాడు టీకి లేచినా, బాల్కనీలోకి వెళ్ళినా, ఎవరికో ఏదో చూపించడానికి బయల్దేరినా, నాకు స్క్రీను పక్క నుంచి కనిపించేది వాడి వీపే. చొక్కా జేబు ఒకసారి తట్టుకుని, వేళ్ళతో తొడ మీద ఏదో కీర్తనకి తాళం వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు. వాణ్ణి అందరూ పిలిచేవారు. నన్ను ఎవరైనా పిలిస్తే, బావ ఎక్కడున్నాడో అడగడానికే.

లాక్‌డౌన్ మా ఇద్దర్నీ ఇంటికి పంపేసింది. కొన్నాళ్ళు ఇళ్ళ దగ్గర్నుంచి పనిచేశాం. అప్పుడే విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ వచ్చి కాశీబుగ్గలో చిన్న స్టూడియో తెరిచారు. కింద జీడిపప్పు దుకాణం, మేడ మీద మేము. వెనక వీధిలో జీడిగింజలు కాల్చినప్పుడల్లా ఏసీ గదిలోకి కూడా ఆ పొగ వాసన వచ్చేది. దర్శకత్వం మేడమ్‌దే. పిల్లల కోసం ఒక సీరియల్ తలపెట్టారు. ఉద్దానం తీరంలో ఒక ముసలి మత్స్యకారుడు, తాత. చూపు తగ్గిందని కొడుకులు ఇంక వేటకి రావద్దంటారు. అక్కడి నుంచి కథలు మొదలవుతాయి.

మొదటి కథలో చివరి షాట్ ఒకటుంది. పడవ తాతని వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. తాత కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, ఇసకలో ఇంటివైపు నడుస్తాడు. మాటలు లేవు. ముఖం కనపడదు, కెమెరా వెనకే ఉంటుంది. మేడమ్ మా ఇద్దర్నీ పిలిచి, "ఈ షాట్ ఇద్దరూ చెయ్యండి. ఎవరిది బాగుంటే వాళ్ళే లీడ్" అన్నారు.

లీడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. లీడ్ అయితే ఆ పాత్ర మనదే. ఇంకెవరు ఏ షాట్ చేసినా మనకి చూపించి ఒప్పించుకోవాలి. తెర మీద మన పేరు ముందు పడుతుంది. హైదరాబాదులో నాకది ఎప్పుడూ అందలేదు. బావకి అందింది, నా కంటే వెనక వచ్చి కూడా. నా కళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి, డాక్టరు ఇంక ఎక్కువకాలం స్క్రీను ముందు కూర్చోవద్దన్నాడు. ఈసారి కూడా పోతే ఇంక నాకు లేనట్టే. బావ మాత్రం మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యేసి, "నీకొచ్చినా నాకొచ్చినా ఒకటే కదా బావా" అన్నాడు. వాడికి ఒకటే. ఒళ్ళు మండిపోయింది నాకు.

షాట్ ఏదైనా ముందు రిఫరెన్స్ తీసుకోవాలి. అంటే నిజం మనుషులు ఆ పని ఎలా చేస్తారో చూసి వీడియో తీసుకోవడం. ఇద్దరం బావ బండి మీద బయల్దేరాం. జీడి తోటలు, కొబ్బరి తోటలు దాటి, రోడ్డు ఇసకలో కలిసిపోయే దాకా వెళ్ళాం. పల్లెలో పడవల పక్కన ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. సీరియల్లో తాత వయసే ఉంటుంది. సంగతి చెప్పాం. బొమ్మల సినిమా అనగానే ఆయన సంబరపడి ఇంట్లోకి వెళ్ళి, కొత్త పంచె కట్టుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఇక్కడి నుంచి అక్కడికి నడిచి చూపించు తాతా" అన్నాను, ఫోన్ పట్టుకుని.

నడిచాడు. ఛాతీ ముందుకు పెట్టి, చేతులు రెండూ పక్కలకి అంటించుకుని, పరేడు చేస్తున్నట్టు.

"అలా కాదు తాతా. మామూలుగా నడు."

"మామూలుగానే నడుత్తన్నాను కదేటి బాబూ. మరెలగ నడవాల? నువ్వు సెప్పు, అలగే నడుత్తాను."

చేపలు ఆరబెడుతున్న ఒక ముసలమ్మ గట్టిగా నవ్వింది. "ఓలమ్మ, పెళ్ళికొడుకులాగ నడుత్తన్నాడు సూడండే! ఒలే, ఈడి పెళ్ళానికి కబురెట్టండి!"

ఆయన సిగ్గుపడి ఇంకా బిగుసుకుపోయాడు. నేను మళ్ళీ మళ్ళీ నడిపించాను. ప్రతిసారీ ముందటి కంటే అన్యాయం. అప్పుడు బావ చెప్పులు విడిచి ముందుకొచ్చాడు.

"తాతా, నీ పడవేది? ఓపాలి సూపించవా?"

"అదిగో, ఆ నీలం రంగుది."

"పద మరి. దానికి రంగెవరేసేరు? మొన్న తుపానుకి ఏటైనా అయిందా?"

అంతే. తుపాను మాట రాగానే ముసలాయన కెమెరాని మర్చిపోయాడు. పడవ గురించీ, విరిగిన తెడ్డు గురించీ, చెప్పిన మాట వినని కొడుకుల గురించీ చెప్పుకుంటూ తన నడక తను నడిచాడు. బావ ఒక్క అడుగు వెనక నడుస్తూ మాట కలుపుతున్నాడు. పడవ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి ఇద్దరి మడమలూ ఇసకలో ఒకేలా దిగుతున్నాయి, ఇద్దరి నడుమూ ఒకేలా ఊగుతోంది. చేపల దగ్గర ఆడవాళ్ళు పని ఆపేసి చూస్తున్నారు. "ఈ బాబు మనోడే, మనోడే" అని మురిసిపోతున్నారు. ఎండలో ఫోన్ పట్టుకుని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్న నన్ను ఎవరూ చూడలేదు.

స్టూడియోకి వచ్చి, బావ ముందుకొచ్చాక నా ఫోన్లో తీసిన వీడియోలు కంప్యూటర్లో వేశాం. మొదటిది వేయగానే బావ ముఖం చిట్లించాడు. రెండోది వేశాం. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఫ్రేము మధ్యలో బావ ఉన్నాడు. ముసలాయన ఒక పక్కకి సగం తెగిపోయి ఉన్నాడు. ఒకదాంట్లో ఆయన భుజమూ, చెవీ తప్ప ఏమీ లేవు.

"ఇదేటి బావా? తాతని తియ్యమంటే నన్ను తీసావు!"

"ఎండ బావా. స్క్రీను కనపడలేదు" అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. వాడికి వీడియోతో పనేముంది? ఆ నడక ఒంట్లో ఎక్కించుకుని వచ్చేశాడు. అప్పటికప్పుడు పై డాబా మీదికి వెళ్ళి, ఫోన్ పిట్టగోడ మీద ఆనించి, ముసలాయనలా అటూ ఇటూ నడిచి తనని తనే తీసుకున్నాడు. నా దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు. మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళొచ్చు. వెళ్తే బావే తీసుకెళ్ళాలి, నాకు బండి రాదు. ముసలాయన్ని మళ్ళీ బావే నడిపించాలి. అదే వీడియో చూసి వాడి దయతో నేను షాట్ చెయ్యాలి. నాకది చావుతో సమానం అనిపించింది.

ఆ క్లిప్పులన్నీ తీసిపారేసి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. "నాకు రిఫరెన్స్ అక్కర్లేదు మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు మీంచి చూశారు. "మరి దేన్ని చూసి చేస్తారు?"

"ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నాను. చూడకుండా చేస్తాను."

మా వృత్తిలో ఇంతకంటే తెలివితక్కువ మాట లేదు. మీరెప్పుడూ అనకండి. చూడకుండా చేస్తే చెయ్యి తనకి తెలిసిందే చేస్తుంది, మనకి కావలసింది చెయ్యదు. అది అప్పటికి నాకూ తెలుసు. రోషంలో ఉన్నవాడికి తెలిసినవి గుర్తురావు.

పని మొదలుపెట్టాను. ముందు ముఖ్యమైన భంగిమలు మాత్రం పెట్టుకుంటాం. తాత నిలబడ్డాడు, తిరిగాడు, కాలు ఎత్తాడు, దించాడు. మధ్యలో ఏమీ ఉండదు కాబట్టి బొమ్మ ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూ ఉంటుంది. దీన్నే బ్లాకింగ్ అంటాం. తర్వాత ఆ మధ్యలు నింపాలి. కంప్యూటర్‌కి వదిలేస్తే అది చక్కగా సమానంగా నింపేస్తుంది, మనిషి నేల మీద కాకుండా నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటాడు. ఎక్కడ ఆలస్యం చెయ్యాలి, ఎక్కడ తొందరపడాలి, ఏ అడుగులో బరువు ముందు పడాలి, అది మనం చెయ్యాలి. ఎప్పుడూ అక్కడే నా బొమ్మలు చచ్చిపోయేవి.

ఈసారి చావలేదు. ఎందుకో చెయ్యి ఆగకుండా సాగిపోయింది. తాత తిరిగేముందు ఏదో మర్చిపోయినట్టు చిన్నగా ఆగాలనిపించింది, ఆపాను. కుడి పాదం కొంచెం బయటికి తిరిగితే బాగుంటుందనిపించింది, తిప్పాను. ఎడమ తుంటి కాస్త ఆలస్యంగా దిగితే ముసలితనం వచ్చింది. అన్నిటికంటే చివర వేళ్ళు. కుడిచేతి వేళ్ళు తొడ మీద తాళం వేస్తుంటాయి. నడుస్తూ నడుస్తూ, మధ్యలో ఆగిపోతాయి. చెయ్యి ఊరికే వేలాడుతుంది. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఆ వేళ్ళు ఆపిన చోట నాకే గుండె కలుక్కుమంది. ఇది నాకెలా తట్టిందా అని పొంగిపోయాను. ముందు సీట్లో ఉన్న బావ వీపు చూసి, నీ పని అయిపోయిందిరా అనుకున్నాను. ఆ సంతోషం ఏ బోనస్సూ ఇవ్వలేదు నాకు.

షాట్లు చూసే రోజు వచ్చింది. పెద్ద గదిలో తెర కట్టారు. స్టూడియోలో అందరూ, సీరియల్ కొనుక్కునే కంపెనీ తరఫు మనుషులూ కూర్చున్నారు. బావ భార్య కాశీబుగ్గ బజారులో పనుందని వచ్చి, పనిలో పనిగా వాడికి క్యారేజీ తెచ్చింది. చెల్లెమ్మని కూడా కూర్చోమన్నారు. ఆవిడ మొహమాటపడి గుమ్మం దగ్గరే క్యారేజీ పట్టుకుని నిలబడింది.

ముందు బావ షాట్ వేశారు. బాగుంది. బాగులేదని అనుకుందామని ఎంత వెతికినా దొరకలేదు. ఆ పల్లె ముసలాయన అచ్చంగా దిగిపోయాడు. ఇసకలో మడమలు దిగడం, నడుం ఊగడం, అన్నీ ఉన్నాయి. చప్పట్లు కొట్టారు. కంపెనీ మనిషి ఒకాయన "పర్ఫెక్ట్" అన్నాడు.

తర్వాత నాది వేశారు. తాత నిలబడ్డాడు. ఆగాడు. తిరిగాడు. నడుస్తున్నాడు. వేళ్ళు తాళం వేస్తున్నాయి. గదిలో ఎవరూ కదల్లేదు. వేళ్ళు ఆగిపోయిన చోట ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నేను చీకట్లో నవ్వుకుంటున్నాను. గెలిచాననుకున్నాను. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి చెల్లెమ్మ గొంతు వినిపించింది.

"ఓలమ్మో! ఇదేటి, ఈయన నడిసి ఎలిపోతన్నారు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది గదంతా ఘొల్లుమంది. "అవును, ఆయనే! ఆ పాదం చూడండి!" "ఆ ఆగడం చూడండి!" "మళ్ళీ వెయ్యండి!" మళ్ళీ వేశారు. ఈసారి నాకూ కనిపించింది. తాత నెరిసిన జుట్టు, తాత పంచె, లోపల మాత్రం బావ. నేను కనిపెట్టాననుకున్నవి ఒక్కటీ నేను కనిపెట్టినవి కావు. ఇన్నేళ్ళు వెనక సీట్లో కూర్చుని, కడుపు మండించుకుంటూ, నేను కంఠస్థం చేసింది వాడి నడకనే. రిఫరెన్స్ అక్కర్లేదని ఊరికే అన్నానా? నా దగ్గర ఉన్నంత రిఫరెన్స్ ఏ యానిమేటర్ దగ్గరా ఉండదు.

లైట్లు వేశారు. బావని గదిలో నడిచి చూపించమన్నారు. వాడు నవ్వుతూ లేచి, ఆగి, జేబు తట్టుకుని, కుడి పాదం బయటికి పెట్టి నడిచాడు. తాతకి కొట్టిన వాటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒక కుర్రాడు ఈల కూడా వేశాడు. మేడమ్ నా వైపు తిరిగి, "మొదటి షాట్‌లో ఒక మత్స్యకారుడు కనిపించాడు. మీ దాంట్లో ఒక మనిషి కనిపించాడు. మీరే లీడ్" అన్నారు. నేను తలూపాను. ఎవరైనా అభినందిస్తారేమోనని చూశాను. అందరూ బావ చుట్టూ ఉన్నారు.

సందడి తగ్గాక బావ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"నానిలా నడుత్తానని నాకే తెలీదు బావా" అన్నాడు. తన కుడిచేతి వేళ్ళు చూసుకుని, "ఆ ఏళ్ళు ఆగిపోడం... అమ్మని సమాధి సేసిన రోజు కదూ?"

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ పెట్టె వెనక వాడు నడుస్తున్నాడు, వాడి వెనక నేను. అందరూ కీర్తన పాడుతున్నారు. వాడి వేళ్ళు అలవాటుగా తాళం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాయి. ఆవిడ నాకూ అన్నం పెట్టిన మనిషి. నేను ఆవిడ కోసం ఏడవాల్సింది. కానీ ఆ రోజు నేను చూసిందేమిటంటే, దారి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి వాణ్ణి చూసి కళ్ళు తుడుచుకోవడం. దుఃఖంలో కూడా వీడే కదా అందరికీ కనిపిస్తాడు అనుకున్నాను.

"అవును బావా" అన్నాను.

"నువ్వు నన్నెంత సూసుకున్నావు బావా" అని నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. ప్రేమ అనుకున్నాడు పాపం. నేను కాదనలేదు.

లీడ్ కుర్చీ నాకే వచ్చింది. నడుముకి ఆనించుకోవడానికి దిండు ఉన్న కుర్చీ. పేరు కూడా ముందు పడింది. కానీ పిల్లలెవరైనా పేర్లు చదువుతారా? మేడమ్ ప్రతి కథకీ ముందు బావని నటించమనేవారు. వాడు నటిస్తాడు, నేను చేస్తాను. సీరియల్ జనానికి నచ్చింది. పేపరువాళ్ళు వచ్చి, బావని సముద్రం ఒడ్డున నడిపించి ఫొటో తీసి, 'తాత నడక ఈయనదే' అని వేశారు. టెక్కలి మెయిన్ రోడ్డు మీద వాడు వెళ్తుంటే పిల్లలు "తాతా, తాతా" అంటూ వెనక నడిచేవారు, కుడి పాదం బయటికి పెట్టుకుని. పక్కనే నేనూ ఉండేవాణ్ణి. "ఈయనెవరు?" అని ఒకమ్మాయి అడిగితే, బావ "ఈయనే తాతని సేసిన మావ" అన్నాడు. ఆ పిల్ల నన్ను పైకీ కిందికీ చూసి మళ్ళీ వాడి వెనక్కే పోయింది.

తర్వాత నా కళ్ళు బొత్తిగా సహకరించక పని మానేసి, కాశీబుగ్గలోనే ఉండిపోయాను. బావ కొనసాగాడు. ఆ మధ్య వాడికి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది, కాలు రాలేదు. మేడమ్ కూడా వచ్చి చూసి వెళ్ళారట. కొన్నాళ్ళకి చెల్లెమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, తాత నడిసే ఆ మొదటి బొమ్మ మీ కాడ ఉందంట కదా, ఓపాలి తెత్తారా, ఈయన అడుగుతన్నారు" అంది. సీరియల్లో ఆ షాట్ కత్తిరించి వేశారు, పూర్తిది నా దగ్గరే ఉంది. మేడమ్‌ని అడిగి, ల్యాప్‌టాప్ పట్టుకుని మధ్యాహ్నం బస్సులో టెక్కలి వెళ్ళాను.

వరండాలో కుర్చీలో ఉన్నాడు. పక్కన వాకర్ ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టి ఉంది, ఎవరిదో వస్తువు దాచిపెట్టినట్టు. ల్యాప్‌టాప్ ముందు పెట్టి వేశాను. తాత ఆగాడు, తిరిగాడు, నడిచాడు.

"మళ్ళీ ఎయ్యి బావా" అన్నాడు.

మళ్ళీ వేశాను. ఆ తర్వాత వాడు అడగకుండానే వేస్తూ పోయాను. చెల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఫోన్లోకి పంపండన్నయ్యా. ఇంటినిండా ఫొటోలే. పెళ్ళి వీడియోలో కూడా ఈయన కూకునే ఉన్నారు. ఈయన నడిసింది ఎక్కడా లేదు, ఈ ముసలోడి ఒంట్లో తప్ప" అంది.

పంపాను. ఆ క్షణంలో జాలి కలగాలి. కలిగింది కూడా, కాదనను. దాని పక్కనే పాత మంట కూడా లేచి కూర్చుంది. కాలు పోయినా వాడి నడక మిగిలింది. ఇంకో తరం పిల్లలు కూడా చూస్తారు. నాకు కాళ్ళు రెండూ బాగున్నాయి. రేపు అవి ఆగిపోతే నా నడక ఎక్కడుంటుంది?

"బావా, నా నడక ఎలా ఉంటుంది?" అని అడిగాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడివేసి, చాలాసేపు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు.

"నీదా... నువ్వెప్పుడూ నా ఎనకాలే కదా బావా. నానెప్పుడు సూత్తాను?"

టీ తాగి లేచాను. వరండా నుంచి గేటు దాకా సిమెంటు బాట ఉంది. ఆ బాట మీద నేను తొందరపడకుండా, వీపు నిటారుగా పెట్టుకుని, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ నడిచాను. పల్లెలో ఆ ముసలాయన కొత్త పంచె కట్టుకుని నడిచినట్టే నడిచి ఉంటాను. గేటు గడియ తీస్తూ వెనక్కి తిరిగాను. ఇద్దరూ ఫోన్ మీదికి వంగి, వాడు నడవడం చూస్తున్నారు.